ఉడికించిన స్పాంజి

పాత గాజు తొట్టి ఇంటికి వచ్చేసరికి ఆవిరక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించి సరిగ్గా ఒక రోజయింది. పంపించారంటే ఉద్యోగంలోంచి తీసేశారని కాదు. తీసేయలేదని ధైర్యంగా ఉండటానికీ లేదు. "వచ్చే సోమవారం విచారణ ఉంది, అందాకా ఇంట్లో ఉండు, ఆ రోజు వచ్చి ఈ కాగితం మీద సంతకం పెట్టు" అన్నారు. ఇది సెలవా అంటే కాదట. శిక్షా అంటే అదీ కాదట. మరి దీని పేరేమిటో చెప్పే నాథుడు లేడు.

ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్ కత్తెరలూ, పటకార్లూ, గుడ్డలూ మూటలు కట్టి, ఆవిరి మెషిన్లో పెట్టి, వాటిమీది క్రిములన్నింటినీ చంపి ఇవ్వడం ఆవిడ పని. అందుకే ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆవిరక్క అయింది. ఇప్పుడు ముగ్గురు రోగులకు కుట్లు చీము పట్టాయి. ముగ్గురికీ ఆపరేషన్ జరిగింది పోయిన నెలలో ఒకే మంగళవారం. ఆ రోజు రెండో లోడు వేళ కాకుండానే మెషిన్లోంచి తీసేశాననీ, పొరపాటు పూర్తిగా తనదేననీ టైపు కొట్టిన కాగితం ఆవిడ చేతిసంచిలో నాలుగు మడతలై ఉంది. సంతకం పెడితే బట్టలుతికే విభాగానికి మారుస్తారు. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది.

తీసిందా, తియ్యలేదా? ఆవిడకే తెలియదు. అదీ అసలు బాధ. తియ్యలేదని గట్టిగా తెలిసుంటే పోట్లాడేది, నోరు లేని మనిషేం కాదు. తీశానని తెలిసుంటే ఏడ్చి సంతకం పెట్టేసేది. ఆ మంగళవారం కోసం బుర్రంతా గాలించింది. ఆ రోజు వాన పడిందా? భోజనం డబ్బాలో ఏం పట్టుకెళ్లింది? ఎవరితోనైనా గొడవ పడిందా? ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. సోమవారం తర్వాత బుధవారం వచ్చేసినట్టు మధ్యలో ఆ రోజే లేదు.

"అమ్మాయ్! తలుపు రెండో రెక్క తియ్యి. గాజుకేమన్నా అయితే నా ప్రాణం పోతుంది" అని గుమ్మంలోంచి మావగారు కేకేశారు.

"నీ ప్రాణం సంగతి తర్వాత నాన్నా, ఇక్కడ నా నడుం పోతోంది" అన్నాడు తొట్టికి రెండో వైపున ఉన్న మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బరువులు ఎత్తడం, దించడం మెషిన్ల పనేగానీ మనుషుల పని కాదని ఆయన సిద్ధాంతం.

మావగారికి డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లు గడియారాలు బాగుచేసి, చూపు తగ్గాక కొట్టు మూసేశారు. మూశాక ఊరికే కూర్చున్నారా అంటే లేదు. కాలేజీ లాబ్‌లో పనిచేసే స్నేహితుడొకాయన జాడీలో గుడ్లు తెచ్చిస్తే వాటిని పొదిగించి, సాలమాండర్ పిల్లల్ని పెంచుతున్నారు. చూస్తే బల్లి పిల్లల్లా ఉంటాయిగానీ బల్లులు కావు, కప్పలకు చుట్టాలు. పిల్లలుగా ఉన్నన్నాళ్లూ నీళ్లలోనే ఉంటాయి. మెడకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలుంటాయి. మొగుడు వాటిని 'కాళ్ల చేపలు' అంటాడు. వేలెడంత కూడా లేవు ఒక్కోటి. ఐదున్నాయి, ఒకే ప్లాస్టిక్ టబ్బులో.

ఆ టబ్బు ఇరుకైపోయి ఒకదాని కాళ్లు ఒకటి కొరుక్కుంటున్నాయి. గడియారాలకు వాడిన కంటి భూతద్దం పెట్టుకుని మావగారు రోజూ ఉదయం లెక్క చూస్తారు. "ఐదింటికీ కలిపి ఇరవై కాళ్లుండాలమ్మాయ్, పదిహేడే ఉన్నాయి" అని ఆవేళ పొద్దున దిగులుగా చెప్పారు. కాళ్లయితే మళ్లీ మొలుస్తాయట. ఈసారి మొప్పలు కొరికాయంటే బతకవట. అందుకని వీధి చివర సెలూన్లో మూలనున్న తొట్టిని బేరమాడారు. సెలూన్ ఆయన ఇంకో కుర్చీ వేసుకోవాలని చేపల్ని బావమరిదికిచ్చేసి తొట్టిని వదిలించుకుంటున్నాడు.

సెలూన్ ఆయన కూడా వెనకే వచ్చాడు, ఒక చేతిలో గాలి మోటారు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని. కవర్లో అరచేతంత నల్లటి స్పాంజి, బురదలాంటి నీళ్లు.

"అమ్మా, గాజు మీ ఇష్టం, ఎలాగైనా తోముకోండి. ఈ స్పాంజి మాత్రం కడగొద్దు. ఈ నీళ్లతో సహా ఇలాగే వేసెయ్యండి. అంతా దీంట్లోనే ఉంది" అన్నాడు.

అంతా దీంట్లోనే ఉందని ఆవిరక్కకూ తెలుస్తూనే ఉంది. వాసన చూస్తేనే తెలుస్తోంది. కవరు అంచును రెండు వేళ్లతో పట్టుకుని, "అలాగేనయ్యా" అంది. అనడానికేం పోయింది.

ఆ మధ్యాహ్నం తొట్టిని పెరట్లో బల్ల మీద పెట్టించి పని మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుంటే ఆ మంగళవారమే బుర్ర తినేస్తోంది. చేతికేదో పని దొరికింది, చాలు. గాజు లోపల నీటి గీత ఉన్న చోటల్లా తెల్లగా గట్టు కట్టింది. వెనిగర్‌లో తడిపిన గుడ్డను దానిమీద అంటించి గంటసేపు వదిలేసింది. తర్వాత బ్లేడును ఏటవాలుగా పట్టుకుని గీకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. మూలల్లో పాచి. దానికి పాత పళ్ల బ్రష్షు. ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి నానబెట్టి, పారబోసి, ఏడుసార్లు కడిగి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూసింది. బ్లీచింగ్ వాసన కొంచెం కూడా మిగలకూడదు, అది ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వు కడిగితే ఇంక నేను కళ్లజోడు తుడుచుకోవాల్సిందే" అన్నారు మావగారు, గాజు ఉందో లేదో వేలితో తాకి చూస్తూ.

తొట్టిని నేలమీదికి దించి, కింద పాత పేపర్లు పరిచి, నిండా నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి వదిలేశారు. మర్నాడు ఉదయానికి నీళ్లు గీతకింద అర అంగుళం దిగి ఉన్నాయి. ఒక మూల పేపరు తడిసింది. మావగారు నేలమీద బోర్లా పడుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని, ఆ మూలను చాలాసేపు చూశారు. అతుకులో ఆవగింజంత బుడగ. "దొరికాడు దొంగ" అని సంబరపడిపోయారు. నీళ్లు తోడేసి, గాజు ఆరాక, పాత జిగురును బ్లేడుతో చెక్కి తీసి, కొత్త జిగురు గొట్టంలోంచి సన్నగా నొక్కి, తడి వేలితో ఒక్క గీత లాగారు. మామూలుగా వణికే ఆయన చెయ్యి అతుకు దగ్గరికొచ్చేసరికి వణకలేదు. ఆవిరక్క పక్కనే కూర్చుని చూసింది. ఈయన్ని ఎవరైనా, ఫలానా మంగళవారం ఏ గడియారం బాగుచేశావు అని అడిగితే చెప్పగలరా అనిపించింది. అడగలేదు.

జిగురు ఆరడానికి ఒక రోజు పట్టింది. గురువారం నాటికి టబ్బుల్లో పట్టి, మూత పెట్టకుండా ఉంచిన నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. కొళాయి నీళ్లలోని మందు గాలికి పోవాలంటే అలా ఉంచాలట. మింగడానికి వీల్లేనంత పెద్ద గులకరాళ్లు, దాక్కోవడానికి ఒక పగిలిన పూలకుండీ, అన్నీ కడిగి ఆరబెట్టింది. మిగిలింది కవర్లో స్పాంజి.

కడగొద్దన్నాడు. ఆవిరక్క కవరు విప్పి చూసింది. నల్లటి జిగట వేళ్ల సందుల్లోంచి జారింది. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న చెయ్యి ఇలాంటిదాన్ని పసికూనల నీళ్లలో వేస్తుందా? సెలూన్లో దువ్వెనను కూడా ఒక మాటు నీళ్లలో ముంచి ఇంకో తలకు వాడతారు, ఆ మనిషికేం తెలుసు శుభ్రం గురించి? కడగొద్దన్నాడు కాబట్టి కడగలేదు. కుక్కర్లో పెట్టి మూత బిగించింది. విజిల్ వచ్చాక మంట తగ్గించి, గడియారం చూసుకుని, ఇరవై నిమిషాలు ఉంచింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మొగుడు గుమ్మంలోనే ఆగిపోయి ముక్కు మూసుకున్నాడు. "ఏమోయ్, ఏంటీ వాసన? ఇవాళ కూరేంటి?"

"స్పాంజి."

"ఉప్పు వేశావా?"

ఆవిరక్క నవ్వింది. ఇంటికి పంపించాక నవ్వడం అదే మొదలు. మూత తీస్తే స్పాంజి పసుపుపచ్చగా, కొత్తదానిలా ఉంది. నాలుగు రోజుల్లో ఒక్క పనైనా సరిగ్గా చేశానన్న తృప్తి కలిగింది ఆవిడకు. ఆ సాయంత్రమే మావగారు ఐదు పిల్లల్నీ గ్లాసుతో ఒక్కొక్కటిగా ఎత్తి తొట్టిలోకి వదిలారు. అవి నీళ్లలో ఒక క్షణం వేలాడి, నాలుగు కాళ్లూ చాపి, రాళ్ల మీదికి మెల్లగా దిగాయి. మోటారు గొట్టం తగిలించిన స్పాంజిలోంచి గాలి బుడగలు సన్నగా లేస్తున్నాయి. నీళ్లు లేవేమో అన్నంత తేటగా ఉన్నాయి. పెద్ద ఇంట్లోకి వచ్చాయి కదా, ఆకలేస్తుందని మావగారు మూడు పూటలా పురుగుల మేత వేశారు. తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి రాళ్ల సందుల్లోకి పోయాయి.

శనివారం పొద్దున హెడ్ సిస్టర్ వచ్చింది. ఆవిరక్క కంటే నాలుగేళ్లు పెద్దది. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి ఆసుపత్రిలో చేరారు. ఒకరి పెళ్లికి ఒకరు పట్టుచీరలు అరువిచ్చుకున్న స్నేహం.

"ఏమే ఆవిరీ, చిక్కిపోయావేంటే" అంటూ పళ్ల సంచి బల్లమీద పెట్టింది. టీ తాగేదాకా అవీ ఇవీ మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించింది. "సంతకం పెట్టెయ్యవే. సూపరింటెండెంట్ గారితో మాట్లాడాను. బట్టల విభాగం నీకు హాయిగానే ఉంటుంది. ఆ వేడి ఉండదు. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది నీకు, ఎందుకు పీకలమీదకి తెచ్చుకోవడం?"

"నేను తీశానా అక్కా? వేళ కాకుండా?"

"నేను చూశానా?"

"చూడలేదా? మరి నేనే తీశానని ఎవరన్నారు?"

హెడ్ సిస్టర్ కప్పును సాసరులో గుండ్రంగా తిప్పింది. "రిజిస్టర్లో పట్టీ నల్లబడింది అని గడి ఉందిగా. దాంట్లో 'అవును' అని నీ చేత్తోనే రాసుంది. పట్టీ నల్లబడితే క్రిములు చచ్చినట్టు. చస్తే చీమెందుకు పట్టింది? అంటే ఎక్కడో నువ్వే పొరపడ్డావు."

ప్రతి మూట మధ్యలోనూ ఒక కాగితం పట్టీ పెడతారు. ఆవిరి లోపలిదాకా అందితే దానిమీది గీతలు నల్లబడతాయి. అందకపోతే తెల్లగానే ఉంటాయి. పైనుంచి చూస్తే రెండు మూటలూ ఒకలాగే ఉంటాయి కాబట్టే ఆ పట్టీ.

"పట్టీలు ఎక్కడున్నాయక్కా ఇప్పుడు..." అంది ఆవిరక్క.

"అబ్బా, ఆ గొడవ ఇప్పుడెందుకే?" హెడ్ సిస్టర్ మాటకు అడ్డొచ్చింది. "స్టాకు లేని సంగతి వేరు, ఈ మంగళవారం సంగతి వేరు. రెండూ కలిపి బుర్ర పాడుచేసుకోకు. ఆ మంగళవారం నువ్వు మెషిన్ గంట కొట్టకముందే తలుపు తీశావు. అంతే."

"అంతేనంటావా?"

"అంతేనే."

అంతేనేమో. ఇన్ని రోజులుగా గుర్తుకురాని దాన్ని ఇంకొకరు ఇంత గట్టిగా చెబుతుంటే కాదనడానికి ఆవిడ దగ్గరేముంది? పైగా చెబుతున్నది ఎవరో కాదు, అక్క. "పెట్టేస్తాలే" అంది. అన్నాక కొంచెం తేలికగా కూడా అనిపించింది. తప్పు చేశానా లేదా అని గింజుకోవడం కంటే చేశాననుకోవడమే సుఖంగా ఉంది.

వెళ్తూ హెడ్ సిస్టర్ తొట్టి ముందు ఆగింది. "ఎంత తేటగా ఉన్నాయే నీళ్లు! మన ఆపరేషన్ థియేటర్ కంటే శుభ్రంగా ఉంది. నువ్వేగా కడిగింది? ఇంకెవరి వల్ల అవుతుంది!"

ఆవిరక్కకు ఆ మాట ఎంతో బాగుంది.

ఆదివారం పొద్దున మావగారు పిలిచారు. ఆయనెప్పుడూ కేకలేస్తారు. ఆ రోజు మాత్రం మెల్లగా "అమ్మాయ్" అని ఊరుకున్నారు. తొట్టి దగ్గరికి పరుగెత్తింది. నాలుగు పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. ఎర్రటి కుచ్చులు ముడుచుకుపోయి పాలిపోయాయి. ఐదోది పూలకుండీ పక్కన వెల్లకిలా పడి ఉంది. దాని కడుపు తెల్లగా ఉంది. మూడు కాళ్లే మిగిలినవాటిలో అదొకటి. నాలుగోది ఇప్పుడిప్పుడే మొలుస్తోంది, చిన్న మొటిమలా.

"ఏమయిందమ్మాయ్? నీళ్లు చూడు, ఎలా ఉన్నాయో. ఇంత శుభ్రంగా ఉంటే ఏం రోగం వీటికి?" ఆయన గాజుకు మొహం ఆనించి చూస్తున్నారు. టబ్బులో మిగిలిన నీళ్లలోకి ఆ నాలుగింటినీ ఆవిడే గ్లాసుతో ఎత్తి వేసింది. తొట్టి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని, కాళ్లకు ఏ చెప్పులు దొరికితే అవి తొడుక్కుని సెలూన్‌కు వెళ్లింది.

ఆదివారం కదా, సెలూన్ కిక్కిరిసి ఉంది. సెలూన్ ఆయన ఒక లావుపాటి మనిషికి గడ్డం చేస్తున్నాడు. సగం మొహానికి నురగ, సగం నున్నగా. ఆవిరక్క సీసా అద్దం ముందు పెట్టింది.

"ఒకటి చచ్చిపోయిందయ్యా. మిగతావీ పోయేలా ఉన్నాయి. నీళ్లు చూస్తే ఇలా ఉన్నాయి, నాకేం అర్థం కావడం లేదు."

ఆయన సీసాను వెలుతురుకెత్తి చూశాడు. "స్పాంజి కడిగారా?"

"కడగలేదు."

"మరి?"

"ఉడికించాను. కుక్కర్లో."

కుర్చీలో లావుపాటి మనిషి ఫక్కున నవ్వాడు. నురగ అద్దమ్మీదికి ఎగిరింది. సెలూన్ ఆయన నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి, సొరుగు లాగి, బ్లేడు పెట్టెల కిందినుంచి చిన్న మందు సీసాలు రెండు తీశాడు. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి, ఒక్కో సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వేసి, బొటనవేలితో మూసి ఊపాడు.

"బాగుంటే పసుపుపచ్చగా ఉంటుందమ్మా. చూడండి."

అందరూ చూశారు. తువాలు మెడకు చుట్టుకున్న వాళ్లు, పేపరు చదువుకుంటున్న వాళ్లు కూడా. గొట్టంలో నీళ్లు మెల్లగా ఆకుపచ్చగా మారాయి. ఇంకా ముదురు ఆకుపచ్చగా మారాయి.

"అవి వేసే రెట్ట, మిగిలిన మేత, అన్నీ నీళ్లలో కుళ్లి విషమవుతాయి. స్పాంజిలో ఉండే క్రిములే ఆ విషాన్ని తినేది. రెండేళ్లు పెంచాను వాటిని. మీరు ఉడకబెట్టేశారు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకేం తెలుసయ్యా, నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని..."

"కంటికి కనపడేదైతే ఈ చుక్కలెందుకమ్మా?" అన్నాడు సెలూన్ ఆయన, మళ్లీ కత్తి అందుకుంటూ. "బావమరిది దగ్గర స్పాంజి ముక్క ఉంది, గంటలో తెచ్చిస్తాను. అందాకా మేత వెయ్యకండి. మంచి నీళ్లు మార్చండి."

ఆవిరక్క అక్కడే నిలబడిపోయింది. పట్టీ గుర్తొచ్చింది. కంటికి కనపడేదైతే పట్టీ ఎందుకు? ఆ మంగళవారం తలుపు ముందే తీసిందా, వేళకే తీసిందా అని ఇన్నాళ్లూ గుర్తు చేసుకోవడానికి తంటాలు పడుతోంది. పట్టీ ఉంటేగా ఏదైనా తెలిసేది! పట్టీలు అయిపోయి నాలుగు నెలలయింది. "స్టాకు వస్తుంది, అందాకా మెషిన్ మీద ఒత్తిడి ముల్లు చూసి అవును అని రాసెయ్యి" అంది అక్క. రాసింది. మొదటి వారం చెయ్యి కొంచెం ఆగింది. రెండో వారం నుంచి ఆగలేదు. రోజుకు మూడు లోడ్లు, మూడు అవునులు. తలుపు వేళకు ముందే తీసిందో, వేళకే తీసిందో ఎవరు చెప్పగలరు? మెషిన్లో ఆవిరే సరిగ్గా అందలేదో ఏమో, అది మాత్రం ఎవరు చెప్పగలరు? ఆ మంగళవారం గుర్తుకు రాకపోవడంలో వింతేమీ లేదు. అది మిగతా అన్ని రోజుల్లాంటిదే.

"అమ్మా, జరగండి, మనిషి లేవాలి" అన్నాడు సెలూన్ ఆయన.

ఇంటికి వచ్చి సగం నీళ్లు తోడి మార్చింది. మావగారు చచ్చిపోయిన పిల్లను పెరట్లో మట్టి తీసి పూడుస్తున్నారు.

"నేనే చంపాను మావయ్యగారూ. కడగొద్దని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. నాకంటే ఎక్కువ తెలుసా అనుకున్నాను."

"మూడు పూటలా మేపింది నేను కదమ్మాయ్. నువ్వొక్కదానివే మీదేసుకుంటావేం?" అని చేతులు దులుపుకున్నారు ఆయన.

ఆ మాటకు ఆవిడకు ఏడుపొచ్చింది. మెట్టుమీద కూర్చుని కళ్లు తుడుచుకుని అడిగింది. "మీరెప్పుడైనా సరిగ్గా చూడకుండా బాగయిందని గడియారం ఇచ్చేశారా?"

"ఇచ్చాను. ఒక రోజు ఆడించి చూసి ఇవ్వాలి. తొందరపెడితే ఇచ్చేసేవాణ్ణి, చాలాసార్లు. మహా అయితే ఎవరికో బస్సు తప్పిపోయి ఉంటుంది." ఆయన పూడ్చిన మట్టిని అరచేత్తో చదును చేశారు. "నీ పని అలాంటిది కాదుగా."

సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన వేళాకోళం చెయ్యలేదు. గోడకు జారబడి అంతా విన్నాడు. "ఒక్క రోజు ఒప్పుకుంటే బట్టల విభాగం. అన్నీ ఒప్పుకుంటే?"

"తెలీదండీ."

"ఉద్యోగం పోతుంది."

"పోతుందేమో."

"మరి నోరు మూసుకుని ఆ కాగితం మీద పెట్టెయ్యొచ్చుగా?"

పెట్టెయ్యొచ్చు. ఎందుకు పెట్టకూడదో మాటల్లో చెప్పలేకపోయింది. తొట్టిలో సెలూన్ ఆయన బావమరిది ఇచ్చిన నల్లటి స్పాంజి ముక్క బుడగలు వదులుతోంది. నీళ్లు కొంచెం మసకేశాయి. టబ్బులో నాలుగూ అడుగున కదలకుండా ఉన్నాయి. ఎటు చూసినా ఆవిడకు ఏది మంచో ఏది చెడో తెలియడం లేదు.

సోమవారం పదకొండింటికి విచారణ గదిలో ముగ్గురున్నారు. సూపరింటెండెంట్, బయటి ఆసుపత్రి నుంచి పిలిపించిన డాక్టరమ్మ, హెడ్ సిస్టర్. బల్లమీద రిజిస్టరు. సూపరింటెండెంట్ పెన్ను మూత తీసి ఆవిడ వైపు జరిపాడు.

"కాగితం తెచ్చావా?"

తెచ్చింది. నాలుగు మడతలూ విప్పి బల్లమీద పరిచింది. సంతకం పెట్టలేదు.

"ఇది తప్పండీ" అంది. గొంతు ఆవిడకే కొత్తగా వినపడింది. "ఇందులో ఒక్క మంగళవారమే ఉంది."

"అంటే?"

"నాలుగు నెలలుగా పట్టీలు లేవండీ. మూటలోపల ఆవిరి అందిందో లేదో నేను చూడలేదు. చూడ్డానికి ఏమీ లేదు. రోజుకు మూడుసార్లు అవును అని రాశాను. అన్నీ నా రాతే. ఒక్క రోజుకి సంతకం పెట్టమంటే ఎలా పెడతానండీ?"

హెడ్ సిస్టర్ కిటికీ వైపు చూస్తోంది. సూపరింటెండెంట్ నవ్వబోయి ఆగాడు. "నీకేం మతి పోయిందా? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు, తెలుస్తోందా? ఒక్క తప్పుతో సరిపోయేదానికి..."

"ఒక్క రోజే తప్పని రాసేస్తే, ఆ ముగ్గుర్నీ చూసి ఊరుకుంటారు కదండీ. మిగతా రోజుల వాళ్లని ఎవరు పిలుస్తారు? ఇంటికి వెళ్లిపోయిన వాళ్లు. కుట్టు నొప్పెడుతోందంటే మామూలేలే అని ఇంట్లోనే పడుకున్న వాళ్లు." ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అదే తన జవాబని ఆవిడకూ తెలియదు.

డాక్టరమ్మ రిజిస్టరు తనవైపు లాక్కుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. అవును, అవును, అవును. పేజీ తర్వాత పేజీ.

"పట్టీలు లేవని ఎవరికి చెప్పావు?" అని తలెత్తకుండానే అడిగింది.

ఆవిరక్క బల్లమీది కాగితం మడతల్ని వేలితో చదును చేసింది. పేరు చెప్పడానికి రాలేదు తను.

"నాకు" అంది హెడ్ సిస్టర్. కిటికీ మీదినుంచి చూపు ఇటు తిప్పింది. "నాకే చెప్పింది. నేను పైకి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా నడిపించమన్నది మాత్రం నేనే."

సూపరింటెండెంట్ పెన్ను మూత పెట్టేశాడు.

"ఈ నాలుగు నెలల్లో ఆపరేషన్ అయిన వాళ్ల పేర్లు ఈ రోజే కావాలి. అందర్నీ పిలిపించాలి. ఎంతమంది ఉంటారు?" అంది డాక్టరమ్మ.

ఎవరికీ తెలియదు.

"నేను తీస్తానండీ" అంది ఆవిరక్క. "ఏ మూట ఎవరి ఆపరేషన్‌కి వెళ్లిందో ఇందులోనే రాసుంది, రాత నాదే కాబట్టి త్వరగా పోల్చుకుంటాను. తర్వాత మీరు ఏం చెయ్యాలనుకుంటే అది చెయ్యండి."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసి, రిజిస్టరును ఆవిడ ముందుకు జరిపి, ఒక తెల్ల కాగితాల కట్ట ఇచ్చింది. సూపరింటెండెంట్ ఏదో అనబోయి, ఫోనొచ్చినట్టు బయటకు నడిచాడు. హెడ్ సిస్టర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నువ్వు చదువు, నేను రాస్తాను" అంది హెడ్ సిస్టర్.

ఆవిరక్క వేలు తడిచేసుకుని పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, పట్టీ లేకుండా మొదటి అవును రాసిన పేజీ దగ్గర ఆగింది. తేదీ చూసింది. అదొక గురువారం. ఆ రోజూ ఆవిడకు గుర్తులేదు.